బీమా లేనివాడి వకాల్తా

అమెరికాలో, వెస్ట్ వర్జీనియాలోని మా కౌంటీలో, అంటే జిల్లాలో, వీధికుక్కల్ని పట్టి తెచ్చే ఉద్యోగం వెర్నా కెసింజర్‌ది. మార్చిలో ఒక వానరోజు ఆమె ప్రభుత్వ వ్యానులో కొండదారి దిగుతుంటే, మలుపులో లోనీ టకెట్ ట్రక్కు జారి వచ్చి గుద్దింది. వెనక బోనులో ఉన్న వేటకుక్కకు ఏమీ కాలేదు గానీ, వెర్నా ఎడమ మణికట్టు విరిగింది.

ఇళ్లకు పైకప్పులు వేసి బతికే లోనీ పరుగెత్తుకొచ్చాడు. "తప్పు నాదే మేడమ్. నాకు బీమా కూడా లేదు."

"ముందు ఆ కుక్క తడవకుండా చూడు. తప్పు సంగతి తర్వాత," అంది వెర్నా.

ఆసుపత్రి ఖర్చు కౌంటీయే భరించింది. కానీ చెయ్యి బిగుసుకుపోయి, శనివారం నాట్యాలకు ఫిడేలు వాయించి సంపాదించేది పోయింది. దానికి పరిహారం ఎవరిస్తారు? ఆమె సొంత కారు బీమా కంపెనీని అడిగితే, రోజూ నడిపే ఆఫీసు బండి తమ లెక్కలోకి రాదన్నారు. కౌంటీని అడిగితే, తమ బీమా ఆ వ్యాను ఎవరినైనా గుద్దితే వాళ్లకే డబ్బిస్తుంది తప్ప, బీమా లేనివాడు గుద్దితే నడిపేవాళ్లకు కాదన్నారు.

"అంటే నేనే ఎవర్నో ఒకర్ని గుద్దుంటే బాగుండేదన్నమాట," అంది వెర్నా.

నవ్వి ఊరుకోలేదు. కౌంటీ బళ్లలో రోడ్ల మీది మంచు తోసే డ్రైవర్లనీ, రోగుల ఇళ్లకు తిరిగే నర్సులనీ వెంటబెట్టుకుని కౌంటీ బోర్డు సమావేశానికి వెళ్లి, బీమా లేనివాడు గుద్దినా తమకు పరిహారం వచ్చే బీమా తీసుకోమని అడిగింది. లోనీ కూడా వచ్చి చివరి వరసలో కూర్చున్నాడు.

అధ్యక్షుడు బర్డెట్ అంతా విని, "ఖర్చుతో కూడిన పనమ్మా. అయినా మన రోడ్ల మీద బీమా లేనివాళ్లు ఎంతమంది ఉంటారు?" అన్నాడు.

లోనీ చెయ్యెత్తాడు. "నేనొకణ్ణి సార్."

హాలంతా గొల్లున నవ్వింది. లోనీ టోపీ తీసి లేచి నిలబడ్డాడు.

"మా వీధిలో ఇంకొందరున్నారు. పేర్లు చెబితే నన్ను తంతారు. ఆవిడ చెయ్యి విరగ్గొట్టింది నేను. ఆవిణ్ణి ఆదుకోవాల్సిందీ నేనే. నా చేతిలో ఏమీ లేదు కాబట్టి మిమ్మల్ని అడుగుతున్నా. నాలాంటివాడి పాలికి వీళ్లని వదిలెయ్యకండి."

డ్రైవర్లు తలలూపారు.

"నువ్విక్కడికి ఎలా వచ్చావయ్యా?" అని బర్డెట్ అనుమానంగా అడిగాడు.

"ఆవిడే కార్లో ఎక్కించుకొచ్చింది సార్. నన్ను స్టీరింగ్ ముట్టుకోనివ్వట్లేదు."

పక్కనున్న సభ్యురాలు ఓపల్ హిగిన్‌బోథమ్ బర్డెట్ వైపు వంగింది. మైకు ఆపడం మరిచిపోయింది. "మనం ముగ్గురం వచ్చింది కౌంటీ కారులోనే కదండీ?"

బర్డెట్ కిటికీలోంచి కొండదారి వైపు చూశాడు. వెంటనే ఓటింగు పెట్టాడు. ప్రభుత్వ బండి నడిపే ప్రతి ఉద్యోగికీ ఆ బీమా వర్తించేలా ముగ్గురూ చేతులెత్తారు. జరిగిపోయిన ప్రమాదానికి మాత్రం అది వర్తించదు. ఆ మాట విన్నప్పుడు వెర్నా మొహం ఒక్క క్షణం చిన్నబోయింది. అంతలో డ్రైవర్లు చప్పట్లు కొడుతూ ఆమెను చుట్టుముట్టారు.

బయట మెట్ల మీద లోనీ ఆమెను ఆపాడు. "మీ వరండా కప్పు కారుతోందట. కొత్తది వేసిపెడతాను. డబ్బు మాటెత్తకండి."

"మంచిది. ముందు ట్రక్కుకి బీమా కట్టు."

"అంతవరకూ?"

"నడిచి రా."

ఆ శనివారం ఉదయం లోనీ నిచ్చెన భుజాన పెట్టుకుని ఆమె ఇల్లున్న కొండెక్కుతుంటే, దారిపొడవునా జనం వరండాల్లోకి వచ్చి చూశారు. వెర్నా అతనికి మెత్తటి రొట్టెల్లాంటి బిస్కెట్లూ, వాటి మీదికి గ్రేవీ వడ్డించి, నిచ్చెన కింద కుర్చీ వేసుకుని, మేకులు ఎక్కడ కొట్టాలో మధ్యాహ్నం దాకా చెబుతూనే ఉంది.