మంచం కింద రీళ్లు

నెలకోసారి ఆ రేకు డబ్బాల మూతలు తీసి, రీళ్లకు కాస్త గాలి తగలనిచ్చి, మళ్లీ బిగించడం నా పని. పేరు మాత్రం నా మొగుడు చక్రపాణిది. వందేళ్లనాటి మూకీ సాహస సీరియళ్లు, ఇంకెవరి దగ్గరా లేనివి, మా అమీర్‌పేట ఫ్లాట్‌లో ఉన్నాయంటే బంజారా హిల్స్ నుంచి కూడా కార్లేసుకుని వస్తారు. వాళ్లకు టీలు పెట్టేదీ నేనే. ఉన్న ఒక్క ఏసీ రీళ్ల గదికే. అలమారలో పట్టని డబ్బాలు ఆ గదిలోనే మా పాప హైందవి మంచం కిందికి చేరాయి. "నీ కూతురు ఏసీలో పడుకుంటోందిగా, ఇంకేం లోటు?" అంటాడు.

వీటిలో అంతగా ఏముందని ఒకసారి అడిగాను. వాటిలో ఒక సీరియల్లో ప్రతి భాగం చివరా హీరోయిన్ కొండ అంచునో రైలు పట్టాల మీదో చిక్కుకుంటుందట. ఆఖరి భాగం ఎక్కడా దొరకలేదట. "ఆమె బతికిందో లేదో ఎవడికీ తెలీదు రవళీ. మజా అంతా అక్కడే ఉంది" అన్నాడు. ఆ కళ్లలో అంత మెరుపు నా పురుడప్పుడు కూడా చూడలేదు.

మొన్న రీళ్లు చూడ్డానికి పంజాగుట్ట నుంచి రాజనర్సయ్య గారు వచ్చారు. ఒకప్పుడు సినిమాహాల్లో ప్రొజెక్టర్ నడిపిన మనిషి. టీ అందుకుంటూ మెల్లగా అన్నారు. "బిడ్డా, గివి నైట్రేట్ రీళ్లు. ఖరాబైతే ఘాటు వాసనొస్తది, గోధుమరంగు పొడి రాలుతది. ఎండల వేడికే అంటుకుంటది, నీళ్లు పోసినా ఆరది. పిల్లను గాడ పండవెట్టకు."

చక్రపాణికి చెబితే నవ్వాడు. "నాకు తెలీదా ఏంటి? నువ్వు భయపడతావనే చెప్పలేదు. వందేళ్లుగా కాలనిది ఇవాళ కాలుతుందా?" డబ్బాలు తీయనివ్వలేదు. తెలుసట. తెలిసే కూతురి మంచం కింద పెట్టాడు. ఆ రోజు నుంచి పిల్లని హాల్లో నా పక్కనే పడుకోబెట్టుకుని, గంటకోసారి లేచి వెళ్లి ఆ గది వాసన చూసి వస్తున్నాను.

ఇవాళ పొద్దుటి నుంచి కరెంటు లేదు. మే నెల మధ్యాహ్నం. ఒక డబ్బా లాగి మూత తీస్తే ముక్కు మండింది. అడుగున గోధుమరంగు పొడి. ఆఫీసులో ఉన్న చక్రపాణికి ఫోన్ చేశాను.

"ఎవరికీ చెప్పకు, తెలిస్తే అధికారులొచ్చి రీళ్లన్నీ పట్టుకుపోతారు. కిటికీ తెరిచి అక్కడే కూర్చుని చూస్తూ ఉండు. సాయంత్రం వస్తాగా."

అక్కడే కూర్చోవాలట. హాల్లో బొమ్మలు వేసుకుంటున్న హైందవిని చంకనేసుకున్నాను. పక్క ఫ్లాట్లన్నీ తలుపులు కొట్టి అందరినీ దింపి, వీధి చివరికొచ్చి ఫైరింజనుకు ఫోన్ చేశాను. చక్రపాణి నన్ను జన్మలో క్షమించడని తెలుసు.

"లోపట ఎవరన్న ఉన్నరా అమ్మా?" అవతలి గొంతు అడిగింది.

"ఎవరూ లేరండీ. నేనూ నా కూతురూ బయటికొచ్చేశాం."