పాస్టరుగారింటి నూలు

పొద్దుటినుంచి రాట్నం తొక్కీ తొక్కీ కెజియా కుడికాలి పిక్క రాయిలా బిగుసుకుపోయింది. పాస్టరుగారి ఇంటిముందు గడ్డిలో ఊరి ఆడవాళ్లంతా రాట్నాలు వేసుకుని కూర్చున్నారు. ఎవరి రాట్నం వాళ్లే మోసుకొచ్చారు, ఎవరి అవిసె నార వాళ్లే తెచ్చుకున్నారు. సాయంత్రానికి వడికిన నూలంతా పాస్టరుగారికి కానుక. సముద్రం అవతలినుంచి ఇంగ్లండు రాజు పన్నులు రుద్దుతున్నందుకు ఇంగ్లండు బట్ట కొనకూడదని, ఇంగ్లండు తేయాకు తాగకూడదని, ఒంటిమీదికి కావలసింది తామే వడుక్కోవాలని ఊరు తీర్మానించుకుంది. దానికి స్వేచ్ఛ అని పేరు పెట్టుకుంది. ఆ వేసవిలో ఇలాంటి సభ ఇది మూడోది.

మిగతావాళ్లకు ఇదొక వేడుక. కెజియాకు మాత్రం కూలి లేని కూలిపని. మొగుడు చేపల వేటకు వెళ్లి పడవతో సహా మునిగిపోయిన నాటినుంచి ఆమె వడికే బతుకుతోంది. పొద్దు పొడిచింది మొదలు గుంకేదాకా వడికితే ఎనిమిది పెన్నీలు, మధ్యాహ్నం ఇంత మొక్కజొన్న రొట్టె, చిక్కుడు గింజల పులుసు. ఎక్కువ పని పాస్టరుగారింట్లోనే దొరికేది. ఈ సభలు మొదలయ్యాక అది కాస్తా పోయింది. ఊరంతా ఊరికే వడికి పెడుతుంటే డబ్బిచ్చి వడికించుకునే పిచ్చివాళ్లెవరు? పాస్టరుగారి అవసరానికి మించిన నూలు చర్చి పెద్ద డీకన్ ట్రస్క్ కొట్టుకు చేరుతుంది. అక్కడ మళ్లీ వెల కట్టుకుని ఊళ్లోకి వస్తుంది. ఈ సంగతి అందరికీ తెలుసు. అందరూ పాస్టరుగారి చర్చి సభ్యులే, సగంమంది డీకన్‌గారి బాకీదార్లు, కనక ఎవరూ మాట్లాడరు.

పోనీ రాకుండా ఉందామంటే, రాని ఆడదాని ఇంట్లో తేయాకు ఉన్నట్టే లెక్క. పైగా కెజియా గానీ ఆమె అత్త గానీ ఈ ఊళ్లో పుట్టినవాళ్లు కాదు. బయటినుంచి వచ్చినవాళ్లు రేపు ఊరిమీద పడి తింటారని తోస్తే చాలు, ఊరు విడిచి పొమ్మని కానిస్టేబుల్ గుమ్మంలో నిలబడి తాఖీదు చదివిపోతాడు. కిందటి చలికాలం ఒక పీపాలు చేసుకునేవాడి కుటుంబాన్ని మంచులో అలాగే పంపేశారు. వాళ్లేమయ్యారని తరవాత ఎవరూ అడగలేదు. మంచంలో ఉన్న అత్తను వేసుకుని ఎక్కడికి పోతుంది కెజియా? అందుకే వచ్చి కూర్చుంది.

క్యాండిస్ కెటిల్ పట్టుకుని వరసగా కప్పులు నింపుకుంటూ వచ్చింది. తేయాకు మానేశారు కనక కోరింద ఆకుల కషాయం. క్యాండిస్ పాస్టరుగారు డబ్బు పోసి కొనుక్కున్న మనిషి. రాజుగారు మనని బానిసల్ని చేయ చూస్తున్నాడని పాస్టరుగారు ప్రతి ఆదివారం గొంతు చించుకుంటారు. ఆ సమయంలో క్యాండిస్ చర్చి మేడమీద, నల్లవాళ్లకని వేసిన బల్లమీద కూర్చుని వింటూ ఉంటుంది.

"నిన్న మీ ఇంటికి డీకనుగారు వచ్చారంట గదమ్మా," అంది వంగి కప్పులో పోస్తూ.

"వచ్చాడు. మా అత్తకెలా ఉందో కనుక్కుందామని."

"ఎప్పుడన్నా కనుక్కున్నాడా అంతకు ముందు?"

"లేదు."

"కనుక్కుంటా పొయ్యి దగ్గరకెళ్లాడా?"

కెజియా కాలు ఆగిపోయింది. వెళ్లాడు. కుండ మూత తీసి చూసి, ఏం వండుకున్నావమ్మా అని నవ్వాడు కూడా. ఆ సంగతి క్యాండిస్‌కెలా తెలుసు? పాస్టరుగారి భార్య కూపీ లాగమని పంపిందేమో. "నాకు తెలీదు. పని చూసుకో," అంది ముక్తసరిగా. క్యాండిస్ ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసి ముందుకు జరిగింది.

ఆ కుండలో నిజంగానే తేయాకు ఉంది. కిందటి వారం పాస్టరమ్మగారే పెరటి గుమ్మం దగ్గరకు పిలిచి పొట్లం చేతిలో పెట్టింది. "మీ అత్తగారికి కడుపులో ఏదీ ఇమడట్లేదటగా. పల్చగా కాచి పట్టు. నేనిచ్చానని మాత్రం ఎక్కడా అనకు," అంది. అప్పుడు కెజియాకు కళ్లనీళ్లు తిరిగాయి. అంతకు రెండు రోజుల ముందే ఆమె అదే గుమ్మంలో నిలబడి, కూలికి పని మళ్లీ ఎప్పుడిప్పిస్తారని అడిగింది. చూద్దాంలే అంది పాస్టరమ్మగారు. పని అడిగితే తేయాకు ఎందుకిచ్చింది? ఇప్పుడు తలుచుకుంటే ఆ జాలి అంతా ఏదోలా కనిపిస్తోంది.

పొద్దు వాలుతుండగా డీకన్ ట్రస్క్ వచ్చాడు. నూలు బుట్టలన్నీ చూసి, మెచ్చుకోవలసినవాళ్లను మెచ్చుకుని, తిన్నగా కెజియా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఒక చిన్న మాటమ్మా. నిన్న మీ కుండలో నే చూసిందేమిటి?"

రాట్నాలన్నీ నెమ్మదించాయి.

"మా కెజియాకి రాజుగారి రుచులు మరిగాయి," అంది డీకన్‌గారి భార్య. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

"జబ్బు మనిషికి పరవాలేదని తీర్మానంలోనే ఉంది కదండీ," అంది కెజియా.

"ఉంది. మా కమిటీని అడిగాకే అని కూడా ఉంది. నువ్వు అడిగావా?"

"లేదండి."

"అదీ సంగతి. నేను కఠినుణ్ని కాను. ఆదివారం చర్చిలో అందరి ముందూ లేచి నిలబడి తప్పయిందని ఒప్పుకో. ఈ చలికాలం పాస్టరుగారింట్లో వడికిపెట్టు. ఊరు మర్చిపోతుంది."

"కూలికేనా అండీ?"

"తప్పుకి కూలేమిటమ్మా?"

అప్పుడు అర్థమైనట్టనిపించింది కెజియాకు. చలికాలమంతా ఉచితంగా వడికే మనిషి కావాలి వీళ్లకు. అందుకే పొట్లం ఇచ్చారా, లేక పొట్లం ఇచ్చాక ఈ ఆలోచన తట్టిందా? ఆమె పాస్టరమ్మగారి వైపు తలెత్తి చూసింది.

"నావంక చూస్తావేం?" అంది పాస్టరమ్మగారు. దారం తెగిపోయినా రాట్నం తిప్పుతూనే ఉంది. "మా ఇంట్లో తేయాకెక్కడిది? అనుమానముంటే క్యాండిస్‌ని అడగండి. ఏమే, మనింట్లో తేయాకు ఉందా?"

క్యాండిస్ కెటిల్‌తో నిలబడి ఉంది. లేదండీ అంటే సరిపోయేది. ఆ మాటకోసమే అందరూ ఎదురు చూశారు, కెజియాతో సహా.

"నన్నడక్కండమ్మగారూ."

"అడిగితే చెప్పడానికేం?"

"లేదని నేను చెప్పను."

గొంతు పెంచి కూడా అనలేదు. పాస్టరమ్మగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. "లోపలికి నడు," అంది. క్యాండిస్ కెటిల్‌ను గడ్డిమీద పెట్టి లోపలికి నడిచింది. వెనకాలే అమ్మగారు వెళ్లింది. తలుపు మూసుకుంది. లోపల పాస్టరుగారు ఉన్నారు.

"ఇలాంటివాళ్ల మాటలకేంగానీ, పొద్దుపోతోంది, కానివ్వండమ్మా," అన్నాడు డీకన్. ఒక రాట్నం కదిలింది. దాన్ని చూసి ఇంకొకటి. ఎవరూ తలెత్తలేదు. ఆ ముంగిట్లో నిజం తెలియనివాళ్లు ఇప్పుడు ఒక్కరూ లేరు.

కెజియా లేచి బుట్టలోంచి తన నూలు చిలపలు ఏరి తీసుకుంది.

"అవి పాస్టరుగారివి," అన్నాడు డీకన్.

"ఇంకా ఇవ్వలేదండి."

"ఆదివారం సంగతి?"

"లేచి నిలబడను. ఊరికే వడకను కూడా. మీ కానిస్టేబుల్‌ని పంపుకోండి."

కానిస్టేబుల్ వస్తాడని ఆమెకు తెలుసు. రాట్నం భుజాన వేసుకుని గేటుదాకా వచ్చింది. ఇంటి దగ్గర అత్త ఒంటరిగా ఉంది, పొయ్యి ఆరిపోయి ఉంటుంది. గేటు తీయబోయి వెనక్కి తిరిగి చూసింది. మూసిన తలుపు మూసినట్టే ఉంది. ఇందాక హెచ్చరించడానికి వచ్చిన మనిషినే తను పని చూసుకోమంది. ఊరంతటిలో తను అనుమానించకుండా ఉండాల్సింది ఆ ఒక్క మనిషిని. సిగ్గుతో కెజియా మొహం మండిపోయింది.

గేటు పక్కన గుర్రం ఎక్కడానికి వేసిన రాయి ఉంది. ఆమె రాట్నాన్ని దించి ఆ రాయిమీద కూర్చుంది.

"వెళ్లేదానివి వెళ్లక, ఇంకా ఎవరికోసం?" అని అరిచాడు డీకన్ ముంగిట్లోంచి.

"క్యాండిస్ బయటికొచ్చేదాకా ఉంటానండి."

మిగిలిన నారను కర్రకు చుట్టి ఆమె వడకడం మొదలుపెట్టింది. ముంగిట్లో ఆడవాళ్లు ఒక్కొక్కరే ఆమె వైపు, ఆ తరవాత తలుపు వైపు చూడసాగారు. తలుపు ఇంకా తెరుచుకోలేదు.