రికార్డుకెక్కిన గంగులప్ప మొహం

గంగులప్పది మా పక్క చేను. మనిషి నోరు తెరవడు. పిలిస్తే పలకడు, పలికితే రెండు మాటలు. కురబలకోట చుట్టుపక్కల ఇది అందరికీ తెలుసు. కొత్తగా వచ్చిన వ్యవసాయ సహాయకురాలు మేఘనకు కూడా ఎవరో ముందే చెప్పిపెట్టారు. చిక్కంతా అక్కడే వచ్చింది.

కార్తీకంలో పట్టిన ముసురుకు గంగులప్ప టమోటా చాలావరకు కుళ్ళిపోయింది. పంట పోయినవాళ్ళకు ప్రభుత్వం ఇన్‌పుట్ సబ్సిడీ ఇస్తుందన్నారు. అది వస్తేనే మళ్ళీ నారు. రాకపోతే ఈ ఏడు చేను బీడే. రైతు చేనులో నిలబడి ఉండగా ఫోటో తీయాలని రూలు.

మేఘన వచ్చిన పూట, మిగిలిన నాలుగు క్రేట్లు అమ్ముకోను గంగులప్ప మదనపల్లె మార్కెట్టుకు పోయి ఉన్నాడు. చేను మధ్యలో దిష్టిబొమ్మ ఉంది. ఆయన గళ్ళ చొక్కా, ఆయన తువ్వాలు, తలకాయకు కుండ, కుండ మీద బొగ్గు మీసం, సున్నం చుక్కలు. తుంపర పడుతోంది. మోకాలి లోతు బురద. ఆ పిల్ల గట్టు మీద నుంచే అరిచింది.

"గంగులప్పా, ఫోటో తీస్తాండాను, కదలొద్దు!"

కదల్లేదు.

"చేతులు దించప్పా!"

దించలేదు. మనిషి సంగతి ముందే విని ఉంది కాబట్టి తీసుకుని వెళ్ళిపోయింది.

పది రోజులకు తనిఖీకని మండల వ్యవసాయాధికారి సుబ్రమణ్యం సార్ మేఘనను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ సాయంత్రంతో జాబితా ముగింపు. గంగులప్పను చేనులో నిలబెట్టి ఇంకో ఫోటో తీశాడు. ఫోను కొత్త మొహాన్ని పాత ఫోటోతో పోల్చి, ఎర్రగా వెలిగి, ఈయన ఆ రైతు కాదంది.

పాత ఫోటో పెద్దది చేసి చూస్తే, కుండ.

మేఘన మొహం కందిపోయింది. "రెండుసార్లు పిలిస్తిని సార్. ఈయప్ప యెప్పుడూ పలకడంట గదా!"

"పాతది తీసెయ్యండి సార్," అన్నాను.

"నా చేతిలో లేదప్పా. పై ఆఫీసులో తీయాల. నెల పడతాది."

గంగులప్ప ఒకసారి బొమ్మను చూసి, భార్య తులసమ్మ వైపు తిరిగాడు.

"యాల నన్ను సూస్తావు? కూసో." ఆమె చేని పక్కనే ఉన్న ఇంటికి పోయి పొయ్యిలోంచి బొగ్గు, ఇంత సున్నం తెచ్చింది. "ఇరవై ఏండ్ల సంసారంలో నీకూ దానికీ తేడా నాకే తెలీలేదు. పాపం, ఫోనుకేం తెలుస్తాది?"

మీసం దిద్దింది. బుగ్గలకు చుక్కలు పెట్టింది. బొమ్మ చొక్కా విప్పి మొగుడికి తొడిగింది. గంగులప్ప చేతులు చాపి నిలబడ్డాడు.

"పోలిక నూటికి ఎనభై ఒకటి," అన్నాడు సార్ ఫోను చూస్తూ. "తొంభై కావల్ల. మెడ రవ్వంత వంకర పెట్టప్పా."

పెట్టాడు. ఎనభై ఎనిమిది.

అంతలో కాకి ఒకటి వచ్చి చేతి మీద వాలింది.

"కదిలితే సబ్సిడీ పాయె!" తులసమ్మ అరిచింది.

కాకి మీసాన్ని ఒక పోటు పొడిచింది. గంగులప్ప రెప్ప కూడా వేయలేదు. ఫోను పచ్చగా వెలిగింది.

"కాకే నమ్మినాక కాదనేదానికి నేనెవురు," అంటూ సార్ సంతకం పెట్టాడు.

డబ్బు పడింది. నారు నాటారు. కొత్త పంటను రికార్డులో ఎక్కించుకోను మేఘన మళ్ళీ వచ్చింది. గంగులప్ప తానుగా నోరు తెరవడం ఆ రోజే చూశాను.

"ఈ తూరన్నా నా మొగం పెడతావామ్మా?"

"లేదప్పా. రికార్డులో అదే ఉండాది."

గంగులప్ప ఇంట్లోకి వెళ్ళి పాసుబుక్కు కవరు తెచ్చాడు. ఆధార్ కార్డు వెనక నుంచి బొగ్గు ముక్క తీసి తులసమ్మకు ఇచ్చి, కూర్చుని మొహం పైకెత్తాడు.