తాడు విప్పుకున్న చర్చి

పొద్దున లేవగానే కంపాంగ్ ప్రలిత్‌లో ఆడవాళ్లు ముందు కిటికీ తీసి చర్చి ఎక్కడుందో చూస్తారు. తర్వాతే పొయ్యి ముట్టిస్తారు. టోన్లేసాప్ సరస్సు మీద తేలే ఊరు అది. ఇళ్లన్నీ ఇనప డ్రమ్ముల మీదా వెదురు కట్టల మీదా ఉంటాయి, నీళ్లు పెరిగినా తగ్గినా పడవలకు కట్టి లాక్కుపోవాలి. చర్చిని మాత్రం ఎవరూ లాగక్కర్లేదు. ఎవరికి అవసరమైతే వాళ్ల గుమ్మం ముందుకి అదే వెళ్లి ఆగుతుంది. జ్వరం వచ్చిన ఇంటికి, మొగుడూ పెళ్లాం మాట్లాడుకోని ఇంటికి, ఓసారి మొసళ్లు పెంచే ఆయన ఇంటికి కూడా వెళ్లింది. ఆ సంగతేమిటో ఆయన ఇప్పటికీ చెప్పడు.

"ఈ ఆదివారం ఎక్కడే?"

"ఐసుగడ్డలమ్మే వాళ్ల దగ్గర."

"అయితే దగ్గరేగా. ఇంకో కునుకు తియ్యొచ్చు."

అంతే, అంతకుమించి దాని గురించి మాటల్లేవు.

ఎడిత ఏటా అక్టోబరులో, నీళ్లు నిండుగా ఉన్నప్పుడు ఆ ఊరికి వస్తుంది. ఫిలిప్పీన్స్‌లో ఇలోయిలో అనే ఊరు ఆవిడది. ముప్ఫై ఏళ్లు బడిపంతులమ్మగా చేసింది. రిటైరయ్యాక వాళ్ల సంఘం వాళ్లు పంపితే ఈ సరస్సు మీది చర్చిలకు తోడుగా ఉండడానికి, పిల్లలకు ఆదివారం పాఠాలు చెప్పేవాళ్లను తయారు చేయడానికి వస్తోంది. పెట్టెలో రంగు కాగితాలు, కత్తెరలు, సుద్దముక్కలు, పాస్టరు భార్యకి ఎండు మామిడి ముక్కలు, తన మోకాళ్లకి తైలం. ఇది పన్నెండోసారి. ఇదే ఆఖరుసారి కూడా. "ఇంక చాలమ్మా, నీ మోకాళ్లు పడవలెక్కేలా లేవు" అని సంఘంలో పెద్దలు చెప్పేశారు. ఆవిడ వాళ్లతో పోట్లాడింది గానీ మోకాళ్లతో పోట్లాడలేకపోయింది.

ఆఖరుసారి కాబట్టే ఈసారి ఒక్క కోరికతో వచ్చింది. ఈ ఊళ్లో నిలబడి ఉండే టీచరు ఒక్కరు కావాలి. పన్నెండేళ్లలో ఇక్కడ ఆరుగురు ఆడపిల్లలను తీర్చిదిద్దింది. ఐదుగురు ఎగిరిపోయారు. ఇద్దరు రాజధాని ఫ్నోంపెన్‌లో బట్టల ఫ్యాక్టరీలకి, ఇద్దరు థాయ్‌లాండ్‌కి, ఒకమ్మాయి పెళ్లి చేసుకుని గట్టు మీది ఊరికి. మిగిలింది కుంతీ ఒక్కతే. కుంతీ కూడా పోతే పిల్లల క్లాసు మూతపడ్డట్టే.

"ఈసారి మాత్రం చర్చిని కట్టెయ్యండి తమ్ముడూ," అంది ఎడిత, పడవ దిగీ దిగగానే పాస్టర్ సారెత్‌తో. "పోయినసారి గుర్తుందా? రెండో రోజుకే అది ఎటో పోయింది. క్లాసుకొచ్చిన పక్క ఊళ్ల వాళ్లు వెతుక్కుంటూ మధ్యాహ్నం దాకా నీళ్ల మీదే తిరిగారు."

సారెత్ తల గోక్కున్నాడు. "కడితే ఏమనుకుంటుందో టీచరమ్మా."

"ఐదు రోజుల క్లాసుకేగా. ఏమీ అనుకోదు."

సరేనని రెండు లావు నైలాను తాళ్లు తెచ్చి, నీళ్లలో సగం మునిగిన పెద్ద చెట్టుకి చర్చిని కట్టేశాడు. ముడి మీద ముడి వేశాడు. ఊళ్లో వాళ్లు పడవల్లో పోతూ పోతూ ఆ తాళ్లవైపు చూసి, వచ్చిన ఆవిడ పెద్దావిడ కదాని ఊరుకున్నారు.

రెండు రోజులు బాగా జరిగింది. పందొమ్మిది మంది వచ్చారు. పుస్తకంలోకి కాదు, పిల్లల కళ్లలోకి చూసి చెప్పాలి అని ఎడిత తన వంకర ఖ్మేరు భాషలో చెబితే, ఆ వంకరకి వాళ్లు నవ్వి, చెప్పింది మాత్రం బుద్ధిగా రాసుకున్నారు. మధ్యాహ్నం కొర్రమీను పులుసు, తామర కాడల కూర.

మూడో రోజు పొద్దున కుంతీ వచ్చి తలొంచుకుని నిలబడింది.

"టీచరమ్మా, అన్నయ్య థాయ్‌లాండ్ వెళ్తున్నాడు. నన్నూ రమ్మంటున్నాడు."

"ఎప్పుడు?"

"ఈ చేపల సీజను అయిపోగానే."

ఎడిత ఆ పిల్లను తిట్టలేదు. ఏమని తిడుతుంది? ఇంట్లో ఏడుగురు, వలలో చేపలు ఏటేటా తక్కువ. "క్షేమంగా వెళ్లి రా తల్లీ," అని తల నిమిరింది. తర్వాత చర్చి వెనక వసారాలోకి వెళ్లి, ఎవరికీ అర్థం కాకుండా తన ఇలోయిలో భాషలో దేవుడితో గొడవ పెట్టుకుంది. పన్నెండేళ్లుగా ఒక్కరినే కదా అడుగుతున్నా, ఒక్కరిని ఇవ్వడానికి నీకేం పోయింది, నేను వచ్చిందంతా నీళ్లపాలేనా అని. కళ్లు తుడుచుకుని వచ్చి పాఠం మొదలుపెట్టింది.

పాఠం సగంలో ఉండగా బల్ల మీది సుద్దముక్కలు దొర్లాయి.

"ఆ డబ్బా పట్టుకోవే," అంది ముందు వరుసలో ఒకామె, పక్కామెతో. ఇద్దరూ మళ్లీ రాసుకోవడంలో పడ్డారు. సారెత్ కిటికీలోంచి చూసి వచ్చాడు.

"ముడులు విప్పుకుంది టీచరమ్మా. బయల్దేరింది."

ఎదురొచ్చే పడవలు ఇంజన్లు ఆపి పక్కకి తప్పుకున్నాయి. ఒక ఇల్లాలు దారికడ్డంగా ఆరేసిన బట్టలు గబగబా లాక్కుంది. చర్చి వీధంతా దాటింది. మొసళ్ల పంజరాలు దాటింది. గుర్రపుడెక్క తెట్టుని చీల్చుకుంటూ ఊరి చివరికి వెళ్లి, రేకుల కప్పున్న చిన్న ఇంటి ముందు ఆగింది. వెనకే నైలాను తాళ్లు నీళ్లలో ఈడ్చుకుంటూ వచ్చాయి.

"థావీ వాళ్లిల్లు," అన్నాడు సారెత్ గొంతు తగ్గించి. "తల్లికి పక్షవాతం. ఆరేళ్లయింది. ముసలామెకి టైము దగ్గరపడినట్టుంది."

అప్పటికే ఇరుగు పొరుగు అన్నం గిన్నెలతో పడవలెక్కారు. సారెత్ ముఖం దిగులుగా పెట్టుకుని లోపలికి వెళ్లాడు. వెనకే ఎడిత. ముసలామె మంచం మీద దిండుకి ఆనుకుని, ఒక చేత్తో గంజి తాగుతోంది.

"ఏంట్రా, అందరూ వచ్చారు?" అంది వంకరపోయిన నోటితో.

"నీ కోసం ప్రార్థన చేద్దామని, పెద్దమ్మా."

"నాకేం మాయరోగం? గంజిలో ఉప్పు తక్కువైంది, అంతే. చేస్తే దానికి చెయ్యి."

గుమ్మంలో అన్నం గిన్నెలు పట్టుకున్న వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఈ ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు. మరి చర్చి ఎందుకొచ్చినట్టు?

అప్పుడు ఎడితకి వెనకవైపు నుంచి ఒక గొంతు వినిపించింది. వెళ్లి చూసింది.

ముప్ఫై ఏళ్ల మనిషి, కొర్రమీను ఒకటి ఒళ్లో పెట్టుకుని శుభ్రం చేస్తూ కథ చెబుతోంది. ఆమె ముందు నీళ్ల మీద పద్నాలుగు సత్తు బేసిన్లు, ఒక్కో బేసినులో ఒక్కో పిల్లో పిల్లాడో. కొట్టుకుపోకుండా ఇంటి అంచు పట్టుకుని నోరు తెరుచుకుని వింటున్నారు. తుఫానులో చిక్కుకున్న పడవ కథ అది.

"గాలి ఎటునుంచి కొడుతోంది?" అని ఆగింది ఆమె.

"పడమటి నుంచీ!" అని అరిచారు అందరూ. వాళ్లకి తెలియని గాలా?

పుస్తకంలోకి చూడ్డంలేదు. ఒక్కొక్కళ్ల కళ్లలోకి చూసి చెబుతోంది. ప్రశ్న అడిగి, ఐదు లెక్కపెట్టేంతసేపు ఆగుతోంది. అలా ఆగాలని నేర్పింది ఎవరో కాదు, ఎడితే.

"ఎవరు నేర్పారమ్మా నీకిది?"

థావీ కంగారుగా లేచి చేతులు తుడుచుకుంది. "తప్పేమైనా చెప్పానా టీచరమ్మగారూ? మీ క్లాసుకి ఏటా రావాలనే ఉంటుంది. అమ్మని వదిలి పూట కూడా కదలలేను. అందుకే..." లోపలికి వెళ్లి ఒక ప్లాస్టిక్ డబ్బా తెచ్చి మూత తీసింది.

ఐదు నోటుబుక్కులు. అట్టల మీద ఐదు పేర్లు. వెళ్లిపోయిన ఆ ఐదుగురూ. లోపల పేజీ పేజీకీ ఎర్ర సిరాతో ఎడిత చేతిరాత.

"పోయేటప్పుడు ఒక్కొక్కళ్లూ వచ్చి నాకిచ్చి పోయారు. నువ్వైతే ఎక్కడికీ పోవు కదక్కా, నీ దగ్గరుంటే భద్రం అని."

ఎడిత ఆ తడి చెక్కల మీదే కూలబడింది. మోకాళ్లు గుర్తు రాలేదు. పన్నెండేళ్లు నీళ్లలో పోశాననుకున్నదంతా ఊరి చివర ఒక డబ్బాలో, చెమ్మ తగలకుండా ఉంది. ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

"మేమెవరమూ పిలవలేదండీ చర్చిని," అంది థావీ భయంగా. "నేనైతే దేవుణ్ణి అడగడం మానేసి రెండేళ్లయింది. అమ్మ అసలే అడగదు. ఎవరికోసం వచ్చిందో..."

"నాకోసమే," అంది ఎడిత. "పొద్దున అడిగింది నేనే."

సారెత్ ఒక్క క్షణం ఆలోచించి తలూపాడు. అవసరమున్న మనిషి ఈసారి చర్చి లోపలే ఉందన్నమాట. అందులో వింతేముంది? అన్నం గిన్నెలు తెచ్చిన వాళ్లు వాటిని వెనక్కి తీసుకుపోవడం ఎందుకని, అక్కడే అందరూ కూర్చుని తిన్నారు.

మిగిలిన రోజులూ క్లాసు అక్కడే జరిగింది. థావీ తన కిటికీలో కూర్చుని విన్నది, ఆఖరు రోజు తనే పాఠం చెప్పింది. పక్క ఊళ్ల వాళ్లు రాసుకోవడం మరిచిపోయి విన్నారు. చివర్లో వాళ్లలో ఒకామె ఎడితని అడిగింది: "ఇంకమీద మీరు రారు కదా. మాకు ఈమెను పంపుతారా?"

థావీ తల అడ్డంగా ఊపి, తల్లి మంచం వైపు చూసింది. అందరూ అటే చూశారు.

"ఎందుకట్టా గుడ్లప్పగించి చూస్తారు?" అని ముసలామె లోపలినుంచి కసిరింది. "చర్చిని కట్టెయ్యడానికి తాళ్లు తెచ్చారుగా. ఆ తాళ్లతో మా ఇల్లు దానికి కట్టండి. ఆరేళ్లుగా ఈ గుర్రపుడెక్కే చూస్తున్నా. కళ్లు కాయలు కాచాయి."

సారెత్ నీళ్లలోంచి తాళ్లు లాగి, ముడి మీద ముడి వేశాడు. ఈసారి ఆ ముడులు వదల్లేదు.

మర్నాడు పొద్దున ఎడిత ఎక్కిన పడవ మలుపు తిరుగుతుంటే వెనక్కి చూసింది. చర్చి కదిలింది. దాని వెనకే రేకుల ఇల్లు, ఆ వెనక వరసగా సత్తు బేసిన్లు. పక్క ఊరి వైపు పోతున్నాయి. వాకిట్లో థావీ రెండు చేతులూ ఊపుతోంది. కిటికీలో ముసలామె, దారిలో వచ్చే ప్రతి ఇంటివాళ్లనీ పేరుపెట్టి పిలిచి, ఇంత పొద్దెక్కినా పొయ్యి ముట్టించలేదేమని తిడుతోంది.

ఎడిత కూడా చెయ్యి ఊపింది, వాళ్లు కనిపించినంతసేపూ.