సారు రాస్తే పోతుంది

పొద్దున్నే సారక్క రొట్టెలు కాలుస్తుంటే ఇంటి ముందు జీపు ఆగింది. బిక్షపతి సారు దిగాడు. ఆమెకు ఒళ్లు మండింది.

జనగామలో పుట్టి మానవశాస్త్రంలో అంత పేరు తెచ్చుకున్నవాడు ఇంకొకడు లేడు. ఆయన పుస్తకాలు తిరగెయ్యందే సర్కారు తండాలకు ఏ పథకమూ పెట్టదు. నర్సింహులపేట పక్కనున్న ఈ తండాకు మాత్రం ఆయనతో ఒకటే చిక్కు. ఆయన ఏ ఆచారం గురించి కలం కదిపితే అది తండాను విడిచిపోతుంది. తీజ్ పండుగ గురించి రాశాడు, ఆ ఏటి నుంచి పిల్లలు బుట్టల్లో చల్లిన గోధుమలు మొలకెత్తలేదు. పెళ్లికూతురి ఏడుపు పాట గురించి రాశాడు, ఇక ఏ పిల్లకీ అత్తారింటికి పోయేటప్పుడు కన్నీళ్లు రాలేదు. వానలు పడకపోతే ఎట్లా సర్దుకుంటారో దీనికీ అట్లాగే సర్దుకున్నారు.

సారు చాయ్ తాగి మూతి తుడుచుకున్నాడు. "ఇంకేమన్నా మిగిలిందా అవ్వా? బాగా పాతది?"

మిగిలిందా అట! తిన్న విస్తరిని మళ్లీ నాకేవాణ్ణి చూసినట్టు చూసింది సారక్క.

లోపల కూతురు శిరీష కమిలిన చెంపతో పడుకుని ఉంది. అల్లుడు ధన్‌సింగ్ రోజూ తాగి కొడతాడు. పుట్టింటికి వచ్చేసినా వెంటబడి వచ్చి కొడుతున్నాడు. పెద్దమనుషులు చెప్పినా, ఠాణాకు పోయినా మానలేదు. పోయినసారి సారుకు చెప్పుకుంటే, "అది నా సబ్జెక్టు కాదవ్వా" అని కలానికి మూత పెట్టాడు.

"ఒకటుంది సారూ," అంది సారక్క. "మా అల్లుడు ధన్‌సింగ్ పొద్దుగూకంగనే తాగొచ్చి పెండ్లాన్ని కొడ్తడు. గది తాతల నాటి ఆచారం. మొదటి దెబ్బ దేవుని పేరు మీద, రెండోది పెద్దల పేరు మీద."

సారు కళ్లు మెరిశాయి. "పితృదేవతల ఆరాధన! పాట కూడా ఉంటదా?"

"పాడెటోళ్లు సచ్చిపోయిన్రు."

"అయ్యయ్యో!" పాట పోయిందని నిజంగానే బాధపడ్డాడు. శిరీష చెంపను ఫోటో తీసుకున్నాడు. వంచిన తల ఎత్తకుండా రాశాడు. ఆయన్ను చూస్తే రోత, అంత అబద్ధం ఆడిన తన నోరంటే ఇంకా రోత పుట్టింది సారక్కకు.

సాయంత్రం ధన్‌సింగ్ తూలుకుంటూ లోపలికి వచ్చాడు. అన్నం తింటున్న శిరీష గోడకు ఒదిగింది. అతను చెయ్యి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి అట్లాగే ఉండిపోయింది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"అత్తా, గీ చెయ్యి ఎందుకు లేపిన నేను?"

శిరీష అతని మొహంలోకి చూసింది.

"దర్వాజ తెర్సుకొని నీ ఇంటికి పోనీకి," అంది.

ధన్‌సింగ్ తల ఊపి, తలుపు తీసుకుని పోయాడు.