చెరువు గట్టు మీంచి వచ్చినవాడు

2020 మార్చి 22, ఆదివారం. ఆ మధ్యాహ్నం నేను తిన్నది మామిడికాయ వేసి వండిన పచ్చిరొయ్యల కూర. పక్కింటి శ్రావణి మా రెండిళ్ళ మధ్య పిట్టగోడ మీద గిన్నె పెట్టి, "బాబాయ్ గారూ, ఎలా ఉందో మీరే చెప్పాలండి. అత్తయ్యనడిగితే ఎప్పుడూ ఉప్పు చాల్లేదనే అంటారు" అంది.

"వినపడతందే!" అని లోపల్నించి వాళ్ళత్త మంగతాయారు కేకేసింది.

జనతా కర్ఫ్యూ కదా, సాయంత్రం ఐదింటికి యానాం ఫరంపేటలో మా వీధంతా పళ్ళేలు మోగించారు. నేనూ ఒక గరిటె పట్టుకుని గుమ్మంలో నుంచున్నాను. మోత ఆగాక చివరింట్లో ఎవరో దగ్గారు. వీధిలో ఉన్నవాళ్ళందరం ఒక్కసారే అటు తిరిగాం. నాకు భయం మొదలైంది అక్కడే.

అప్పటికి నాకు అరవై ఎనిమిదేళ్ళు, ఉబ్బసం. కాలేజీ లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యాను. నా భార్య జోసెఫిన్ పోయి నాలుగేళ్ళు. టీవీలో "పెద్ద వయసువాళ్ళు, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్ళు" అన్నప్పుడల్లా మరియదాసూ అని నన్ను పేరు పెట్టి పిలిచినట్టుండేది.

శ్రావణికి అది ఎనిమిదో నెల, తొలి కానుపు. పుట్టిల్లు ఆరు కిలోమీటర్లే, కానీ అది ఆంధ్రా. చూపించుకుంటున్న డాక్టరమ్మ కాకినాడలో. నెల మొదట్లోనే తీసుకెళ్తామని వాళ్ళమ్మ వస్తే మంగతాయారు ఒప్పుకోలేదు. ఎనిమిదో నెలలో కడుపుతో ఉన్న పిల్ల పొలిమేర దాటకూడదంది. ఉగాదికి తొమ్మిదో నెల వస్తుంది, ఆ రోజు మావాడే దింపుతాడంది. కొడుకు హరీష్ తుని అవతల రొయ్యపిల్లల హేచరీలో టెక్నీషియన్. పండక్కి ముందు రోజు రావాలి.

ఆ ముందు రోజుకే రోడ్లు మూసేశారు, హరీష్ అక్కడే చిక్కుకుపోయాడు. ఆటోలో చెక్‌పోస్టు దాకా వెళ్ళి అత్తాకోడళ్ళు తిరిగొచ్చారు. అక్కడి కానిస్టేబుల్ తన కుర్చీ తెచ్చి నీడలో వేసి శ్రావణిని కూర్చోబెట్టాడట, మంచినీళ్ళిచ్చాడట. గేటు మాత్రం ఎత్తలేదు.

నాలుగు రోజులకి ఆ పిల్ల కాళ్ళు వాచాయి. నేను హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. ఆంధ్రా వాళ్ళు ఎత్తారు.

"ఏ మండలం సార్?"

"మండలం కాదమ్మా, యానాం."

"అయితే మీది పాండిచ్చేరి కదండీ!"

పాండిచ్చేరి నంబరు తిప్పితే అవతలాయన తమిళంలో చాలా మర్యాదగా మాట్లాడాడు. నాకు అర్థమైంది ఒక్క "సార్" మాత్రమే. చివరికి మా వీధికొచ్చే హెల్త్ వర్కర్ ప్రసన్న వచ్చి బీపీ చూసి, మాత్రలిచ్చి, పురుడు ఇక్కడి ఆసుపత్రిలోనే పోసుకోవచ్చు, కంగారు పడొద్దని చెప్పి వెళ్ళింది.

కంగారు పడకుండా ఎలా ఉంటాం? పాలవాడు ప్యాకెట్ గేటు దగ్గర పెట్టి, కాకులు పొడవకుండా పైన రాయి పెట్టి పోయేవాడు. నేను రాయిని కూడా సబ్బుతో కడిగేవాణ్ణి. రోజుకి పదిసార్లు ఊపిరి బిగబట్టి లెక్కపెట్టుకునేవాణ్ణి. గోడవతల మంగతాయారు గొంతు మాత్రం ఆగేది కాదు. "నా నోరు పడిపోనూ! పంపించేసున్నా బాగుణ్ణు."

"ఊరుకోండి అత్తయ్యా, విని విని లోపలున్నది కూడా దడుసుకుంటది" అనేది శ్రావణి.

ఏప్రిల్ మూడు, శుక్రవారం. చీకటి పడబోతుండగా పెరట్లో చప్పుడైంది. కొబ్బరిచెట్టు దగ్గర, మోకాళ్ళ దాకా బురదతో, ముక్కుకి తువ్వాలు చుట్టుకుని హరీష్.

"దగ్గరికి రాకండి బాబాయ్ గారూ!" అన్నాడు ముందుగానే.

రొయ్యపిల్లల వ్యాన్‌కి పాస్ ఉంటుంది. ఆక్సిజన్ నింపిన కవర్లలో పిల్లలు చచ్చిపోయేలోగా రొయ్యల చెరువుకి చేరాలి కాబట్టి ఎక్కడా ఎక్కువసేపు ఆపరు. ఆ వ్యాన్‌లో సరుకుతో పాటు మెట్టకూరు దగ్గరి చెరువుల దాకా వచ్చాడు. ఆ చెరువులకి ఒక గట్టు ఆంధ్రాలో ఉంటే ఇంకో గట్టు యానాంలో ఉంటుంది. రోడ్ల మీదే కాపలా పెట్టారు గానీ గట్ల సంగతి ఎవరికీ తట్టలేదు.

"మరి ఇంటికెళ్ళకుండా ఇక్కడ నుంచున్నావేంరా?"

"వ్యాన్ డ్రైవరుకి నిన్న రాత్రి నించీ జొరమండి. చెరువు దగ్గర దింపుతుంటే దగ్గుతో కూలబడిపోయాడు. కాకినాడ తీసుకుపోయారు. మూడు గంటలు ఒకే క్యాబిన్‌లో కూర్చున్నామండి. నాకేం లేదు. కానీ... ఒక్కసారి దాన్ని ఇక్కణ్ణించి చూసి పోతాను."

"ఎక్కడికి పోతావ్?"

"తెలీదండి."

వెళ్ళిపో నాయనా అనాలనే ఉంది నాకు. నోటి దాకా వచ్చింది కూడా. అంతలో గోడవతల దీపం వెలిగింది. శ్రావణి మా మాటలు విన్నట్టుంది.

"హరీష్!" అని ఒక్క కేక వేసి, పెరటి తలుపు గడియ తీసి రాబోయింది.

"రావద్దే! అమ్మా, దాన్ని పట్టుకో!"

మంగతాయారు వెనకనించి కోడలి నడుం పట్టుకుంది. ఆవిడ ముఖం కొడుకు వైపే ఉంది. చేతులు మాత్రం వదల్లేదు.

"బావున్నావా?" అంది శ్రావణి అక్కణ్ణించే, ఏడుస్తూ.

"బావున్నా. నువ్వేంటి, ఏనుగులా అయిపోయావ్!"

"నువ్వు బురదలో దున్నలా ఉన్నావ్."

నేను ప్రసన్నకి ఫోన్ చేశాను. ఫోన్ చేస్తున్నట్టు హరీష్‌తో చెప్పే చేశాను. వాడు తలూపాడు. ఇరవై నిమిషాల్లో ప్రసన్న వచ్చింది, వాన లేకపోయినా రెయిన్‌కోటు వేసుకుని. అదే ఆ అమ్మాయికున్న రక్షణ. లోపల చెమటలు కారిపోతున్నాయి.

"కడుపుతో ఉన్న మనిషి ఉన్న ఇంట్లో ఉంచడానికి లేదండి. క్వారంటైన్ సెంటర్లో ఇప్పటికే ఒక హాల్లో పన్నెండు మందున్నారు. వేరే గది, వేరే బాత్రూము ఉన్న ఇల్లయితే రాసిస్తాను."

జోసెఫిన్ కుట్టుమిషను పెట్టుకున్న గది మా ఇంటి వెనకుంది. తలుపు పెరట్లోకి, బాత్రూము దాని పక్కనే. ఆ సంగతి ప్రసన్నకి చెప్పి మెట్టు మీద కూర్చున్నాను.

"మీకు ఆయాసం కదండీ?" అంది ప్రసన్న.

"అవునమ్మా. నువ్వు రాసెయ్యి, మళ్ళీ మనసు మారిపోతుంది."

మా వీధి తలుపుకి క్వారంటైన్ కాగితం అంటించింది. మర్నాడు పాలవాడు గేటు దాకా రాలేదు. ఎదురింటివాళ్ళు కిటికీ మూసేశారు. వాళ్ళని తప్పుపట్టలేను, నేనైనా మూసేవాణ్ణే. మంగతాయారు రెండు పూటలా అన్నం వండి గోడ మీద పెట్టేది. నేను గది ముందున్న స్టూలు మీద పెట్టి, వెనక్కొచ్చి, "ఒరేయ్" అనేవాణ్ణి. అప్పుడు తలుపు తెరుచుకునేది. డ్రైవరు సంగతి వారం గడిచినా ఎవరూ చెప్పలేదు. రాత్రుళ్ళు ఆ గది గోడకి చెవి పెట్టి పడుకునేవాణ్ణి. దగ్గు వినపడకపోతే ప్రాణం కుదుటపడేది. కాసేపటికి, అసలు ఊపిరి తీసుకుంటున్నాడా లేదా అని మళ్ళీ భయం.

పదో తేదీ గుడ్ ఫ్రైడే. సిలువ మార్గం ప్రార్థన ఒక్కణ్ణే చదువుకుంటుంటే గదిలోంచి పొడిదగ్గు. రెండుసార్లు. పుస్తకం మూసేశాను.

"దుమ్మండి, దుమ్ము!" అన్నాడు లోపల్నించి. ప్రసన్న వచ్చి గొంతులోంచి శాంపిల్ తీసుకెళ్ళింది. ఫలితం రావడానికి ఎన్నాళ్ళో తెలీదంది.

మర్నాడు పొద్దున్నే శ్రావణికి నొప్పులొచ్చాయి. అంబులెన్సు మా రెండిళ్ళ ముందు ఆగింది. హరీష్ కిటికీ ఊచలు పట్టుకున్నాడు. అక్కణ్ణించి వీధి కనపడదు. ఆమె మూలుగులు మాత్రం వినపడ్డాయి. ఒకసారి తలుపు గడియ తీసిన చప్పుడైంది. నేను పెరట్లోకి పరిగెత్తాను. వాడు గడప లోపల నుంచుని ఉన్నాడు, ఒక కాలు బయటికి పెట్టి. అడ్డం పడే శక్తి నాకు లేదు. అంబులెన్సు కదిలి పోయిన చాలాసేపటికి కాలు వెనక్కి తీసుకున్నాడు.

సాయంత్రం ఏడున్నరకి మంగతాయారు ఫోన్. "ఆడపిల్లండి అన్నయ్య గారూ! రెండున్నర కేజీలు. ఇద్దరూ బావున్నారు. ఎల్లుండి పంపించేత్తారంట ఇంటికి." ఆసుపత్రి నర్సు తన సొంత ఫోన్‌లో ఫొటో తీసి పంపింది. కళ్ళు మూసుకుని, పిడికిళ్ళు బిగించుకుని ఉంది పసిగుడ్డు.

ఫోన్ స్టూలు మీద పెట్టి దూరం జరిగాను. వాడు చూశాడు. చాలాసేపు చూశాడు. అటు తిరిగి మోచేతిలో ముఖం పెట్టుకుని దగ్గాడు.

"ఎల్లుండి వస్తారా, బాబాయ్ గారూ?"

"వస్తారట."

"మా అమ్మతో చెప్పండి. పెరటి వైపు తీసుకురావద్దని చెప్పండి. నేను అడిగినా సరే, తీసుకురావద్దనండి."

"చెప్తాను. అన్నం తిన్నావా?"

"తిన్నానండి. మీరు లోపలికెళ్ళండి, చల్లగాలి మీకు పడదు."

నేను కదలకపోయేసరికి, స్టూలు మీదున్న ఫోన్‌ని వాడే తడిగుడ్డతో తుడిచి పెట్టాడు. లోపలికి వెళ్ళి, చప్పుడు కాకుండా తలుపు మూసుకుని గడియ పెట్టుకున్నాడు.