బాయిలర్ వాలెంటీ మీసం

నేను చెప్పే కథల్లో అబద్ధం ఒక్క పోగు కూడా ఉండదు. వూచ్ పట్నంలో ఎవరినైనా అడగండి.

వాలెంటీ గ్రూష్కా మా బట్టలమిల్లులో బాయిలర్ మనిషి. అతని మీసం కొసలు రెండూ చెవులదాకా వెళ్ళి, అక్కడ కాస్త ఆగి, పైకి చూసేవి. పోయిన యుద్ధంలో విషవాయువు తగిలినవాళ్ళని చూసిన జనం మేము. మళ్ళీ విమానాలొస్తే ఏం చెయ్యాలో మిల్లుమిల్లునా నేర్పుతున్న రోజులవి. మా రక్షణదళానికి పెద్ద, నేతమేస్త్రీ జెనోన్. మూడు రోజుల శిక్షణ, చేతికొక కాగితం. ఆ తర్వాత ఆయన మెడ వంగడం మానేసింది.

"ఆ మీసం తీసెయ్ వాలెంటీ. గ్యాసు ముసుగు చెంపకి అతుక్కోదు."

"మా ఆవిడ నన్ను గుర్తుపట్టొద్దా మేస్త్రీ?"

"గ్యాసు గుర్తుపడుతుందిలే."

అక్టోబరులో ఒక మధ్యాహ్నం, చెప్పాపెట్టకుండా కసరత్తు పెట్టారు. వాలెంటీ ఆవిరి ఈల తాడు లాగాడు. తెగ్గొట్టి కూస్తే ప్రమాదం. ఒకే కూత పొడుగ్గా కూస్తే ప్రమాదం పోయింది, బయటికి రండని. మగ్గాలు ఆగాయి. మూడొందలమంది బాయిలర్ గోడ పక్కనున్న నేలమాళిగలోకి దిగారు. అందులో అతని భార్య అపొలోనియా కూడా ఉంది. తనిఖీకి వచ్చినవాళ్ళు ఆవరణలో నిజమైన కన్నీటిగ్యాసే వదిలారు. వాలెంటీ ముసుగేసుకుని పొయ్యి దగ్గర ఒక్కడే మిగిలాడు.

పావుగంట కిందటే పొయ్యి నిండా బొగ్గు వేశాడు. మగ్గాలు ఆగాక ఆ ఆవిరి వాడుకునే నాథుడు లేడు. ఆవిరి ఒత్తిడి చూపే ముల్లు ఎర్రగీత దాటింది. సేఫ్టీ వాల్వు గిలగిల్లాడింది గానీ, ఆవిరి బయటికి పోలేదు.

జెనోన్ ఉన్న గేటుగదికి ఫోను చేశాడు. "మేస్త్రీ, కప్పు మీద గొట్టాన్నేం చేశావు?"

"గ్యాసు దూరకుండా ప్రతి కంతా మూయించా. ఓక్ చెక్క బిరడా, పైన సిమెంటు."

"కాలవ వైపు గొట్టం?"

"అదే మొదట మూశాం."

"అవి లోపలికొచ్చే దారులు కావయ్యా. ఆవిరి బయటికి పోయే దారులు."

"గడ్డపార తీసుకుని కప్పెక్కుతున్నా. అంతదాకా ఆపు." ఈసారి ఆ గొంతులో మేస్త్రీ లేడు.

మిగిలిన దారి ఈల ఒక్కటే. వాలెంటీ తాడు పట్టుకున్నాడు, కానీ లాగలేదు. పొడుగ్గా లాగితే ఆవిరి తగ్గుతుంది. కానీ ఆ కూత వింటే మూడొందలమందీ ఇరుకు మెట్లెక్కి గ్యాసులోకి వస్తారు. లాగకపోతే బాయిలర్ పేలి ఆ గోడే వాళ్ళ మీద పడుతుంది.

తెగ్గొట్టి లాగాడు. ముల్లు కాస్త దిగింది. వదిలాడు, ఎక్కింది. మళ్ళీ లాగాడు. రెండో చేత్తో మండే బొగ్గు బయటికి లాగుతున్నాడు. మీసం సందులోంచి గ్యాసు దూరింది. కళ్ళు మూసుకుపోయాయి, ముల్లు కనబడలేదు. చెయ్యి తాడు మీదే ఉండిపోతానంటోంది. ఉండిపోతే కూత పొడుగవుతుంది. రొట్టె కోసే కత్తి తడిమి తీసి, ముసుగెత్తి, ఊపిరి బిగబట్టి రెండు పక్కలా మీసం కోసేశాడు. ముసుగు అతుక్కుంది. మళ్ళీ లాగాడు, వదిలాడు, లాగాడు.

పైన గడ్డపార దెబ్బలు వినబడ్డాయి. ఆరో దెబ్బకి కప్పు మీద ఆవిరి భోరున లేచింది.

గ్యాసు పోయాక వాలెంటీ ఈలని ఆవిరి ఉన్నంతసేపూ పొడుగ్గా కూయించాడు. అపొలోనియా వచ్చి గుమ్మంలో నిలబడింది. "మా ఆయనేడయ్యా?"

"సగం నేలమీదున్నాడు. మిగతా సగం నీ ముందే ఉన్నాడు."

మొదట్లో ఏదో అన్నాను కదూ, దాన్ని పట్టించుకోకండి. వాలెంటీ ఏనాడూ మీసం పెంచలేదు, రోజూ నున్నగా గీసుకునేవాడు. గ్యాసు దూరింది ముసుగు రబ్బరు చిరుగులోంచి. కత్తితో కోసింది చొక్కా చెయ్యి, ఆ చిరుగులో కుక్కడానికి. మీసం నేను పెట్టాను. బిరడా, సిమెంటు మాత్రం నిజం. సిమెంటు కలిపింది నేనే.